అన్న బొమ్మకు తమ్ముని ముఖం

సూర్యాపేటల అమరుల కోసమని ఒక భవనం కట్టినరు. మ్యూజియం అన్నరు దాన్ని. తుపాకుల కాలంల చచ్చిపోయినోళ్ల ఫొటోలు, అంగీలు, రాళ్లు రువ్వే వడిసెలలు, చెప్పులు అద్దాల బీరువాలల్ల పెట్టి వచ్చినోళ్లకు చూపెడతరు. అది తెరిచిన ఏడాది ఎండకాలం మా అమ్మను తీసుకొని నేనూ మా తమ్ముడూ పోయినం. మా అన్న ముఖం అమ్మకు చూపెట్టాలె, అదీ పోయిన పని. తమ్మునికి ఇంకొక పని ఉండె. అది నాకొక్కదానికే తెలుసు.

నా చదువు రెండో తరగతితోటే ఖతం అయింది. అందుకని ముందుది ముందు, వెనుకది వెనుక చెప్పుకుంట పోత.

తుపాకుల కాలం అంటే, దొర ఇంట్ల వెట్టి ఇంక చెయ్యం అని ఊర్లకు ఊర్లు ఎదురు తిరిగిన కాలం. సంఘం పెట్టినరు. సంఘం మీదికి తుపాకులోళ్లను తోలినరు. మాది మునగాల దగ్గర పల్లె. నాయిన అప్పటికే లేడు. మా అన్నకు అప్పుడప్పుడే మీసం వస్తున్నది, సంఘంల తిరిగెటోడు. వాని కోసం వెతుకుతున్నరని తెలిసి పాతరల దాచినం.

పాతరంటే ఇప్పటి పిల్లలకు తెల్వదు. వాకిట్ల మనిషి లోతు గుంత తవ్వి జొన్నలు పోసి, మూతి మీద బండ వేసి, మన్ను కప్పి పేడతోటి అలుకుతరు. అలికినంక దాని మీద నడిచేటోనికి గూడ కింద ఏమున్నదో తెల్వదు. ఆ ఏడు వానలు లేక కాలం కాలేదు, పాతర ఖాళీగనే ఉండె. అన్నను అండ్ల దించి బండ మూసినం. గాలి ఆడటానికి బండ పక్కన కొంచెం సందు పెట్టి, సందు మీద కోళ్లగంప బోర్లించినం.

తుపాకులోళ్లు పొద్దున్నే వచ్చినరు. అమ్మ నన్ను అటక మీద సొప్ప కట్టల వెనుక పండబెట్టింది. కట్టల సందు నుంచి నాకు అంతా కనబడుతున్నది. నులక మంచం వాకిట్లకు తెచ్చి, అమ్మ చెయ్యి మంచం కోడు కింద పెట్టి ఒకడు మంచం మీద కూసున్నడు. ‘కొడుకేడి?’ అన్నడు. అమ్మ గోడ దిక్కు చూసింది. ఇంకొకడు ఎక్కి కూసున్నడు. అమ్మ గోడ దిక్కే చూసింది. వేళ్లు విరిగిన చప్పుడు అటక మీద నాకు ఇనబడ్డది, ఎండిన కంది కట్టె విరిచినట్టు. అరవలేదు మా అమ్మ.

తమ్ముడు దర్వాజ కాడ నిలబడి ఏడుస్తున్నడు. పాలపండ్లు ఇంక ఊడుతున్న వయసు. వాడు నోరు తెరిచి ఏమీ చెప్పలేదు, చెయ్యెత్తి చూపలేదు. అమ్మ చేతిని చూసి చూసి, కోళ్లగంప దిక్కు చూసిండు. అంతే. మంచం మీద కూసున్నోడు ఆ చూపు పోయిన దిక్కు పోయి గంప లేపిండు.

అన్నను బయటికి గుంజి పాతర ఒడ్డుననే వీపుల కాల్చినరు. పీనుగను మళ్ల పాతరలకే తోసిపోయినరు. తీసి కాలబెట్టినం. అంగీ మాత్రం అమ్మ ఇప్పి పక్కన పెట్టింది. ఉతికి, వీపు మీద తూటా పోయిన కాడ మాసిక వెయ్యమని నా చేతికిచ్చింది. ఎర్ర పేలిక ఒకటి ఉంటే దాంతోటే వేసిన. ఆ అంగీని తమ్మునికి తొడిగింది. వానికి మోకాళ్ల దాక వచ్చేది. వద్దని ఏడిస్తే కట్టె తీసుకునేది. అది చినిగి పేలికలయ్యేదాక వాని ఒంటి మీదనే ఉన్నది. ఇది చెప్తే మా కోడలు ముక్కు మీద వేలేసుకుంటది. గుడ్డ పారేసేటంత కలిగినోళ్లమా మేము? చినిగినంక గూడ ఆ పేలికలు బొంతల కుట్టిన, ఆ బొంత మీద నా పిల్లలు పండినరు.

ఆ పొద్దు నుంచి మా అమ్మ తమ్ముని ముఖం చూడలేదు, వానితోటి మాట్లాడలేదు. అన్నం పెట్టకుండ ఉండలేదు. ఆ వంకర వేళ్లతోటే కలిపి ముద్ద పెట్టేది, కండ్లు మాత్రం పక్కకు. ఏదన్న చెప్పాలంటే గోడకు చెప్పేది.

“గోడా, బర్రెను ఇప్పుకపొమ్మను.”

“గోడా, వానకాలం వస్తున్నది, కప్పు కప్పమను.”

వాడు పెద్దగయిండు, పెండ్లయింది, పిల్లలైనరు. పెండ్లిల అక్షింతలు గూడ పెండ్లిపిల్ల తల మీదనే వేసింది. ఊర్ల పోరగాండ్లు వాన్ని చూసి “గోడా, ఇటు రమ్మను” అని నవ్వెటోళ్లు. వాడు తల వంచుకొని పోయెటోడు. ఎట్లనో అలవాటైంది వానికి, కండ్లు ఎప్పుడూ కిందికి, జర పక్కకు. ఎవ్వల ముఖమూ సక్కగ చూడడు.

ముసలితనంల అమ్మకు కండ్లల్ల పొరలొచ్చినయి. కట్టె ఒక కొస తమ్ముడు పట్టుకొని నడిచెటోడు, ఇంకో కొస అమ్మ పట్టుకునేది. వాని చెయ్యి మాత్రం పట్టుకోకపోయేది. కోదాడల కండ్ల క్యాంపు పెట్టినప్పుడు నేనే తీసుకపోయి ఆపరేషన్ చేయించిన. అద్దాలిచ్చినరు, సోడా సీసా అడుగంత మందం. చూపు వచ్చినంక ఆమె చేసిన మొదటి పని, ఆ కట్టెను పొయ్యిల పెట్టుడు.

గప్పుడే సంఘపోళ్లు వచ్చినరు. అప్పటి మనుషులు కొంత మందే మిగిలినరు, వచ్చినోళ్లు వాళ్ల కొడుకులు. నేను గూడ ఆ పూట అక్కడనే ఉన్న.

“అవ్వా, సూర్యాపేటల అమరుల మ్యూజియం పెడుతున్నం. మీ పెద్ద కొడుకు గుర్తు ఏదన్న ఉంటే ఇయ్యుండ్రి. అంగీ గాని, చెప్పులు గాని.”

“చెప్పులెక్కడియి కొడుకా, వాడు పుట్టిన కాళ్లతోటే పోయిండు. అంగీ చినిగింది.”

“పోనీ ఫొటో?”

అమ్మ నవ్వింది. “ఫొటోనా! మా ఇంట్ల ముఖం చూసుకునే అద్దమే లేకుండె. గంజి గిన్నెల చూసుకునెటోళ్లం. అదీ తాగేదాకనే.”

వాళ్లు నవ్వలేదు పాపం, చదువుకున్నోళ్లు. ఒకాయన తమ్ముని దిక్కు చూసి అన్నడు: ఫొటో లేనోళ్లకు ఇంట్ల పోలిక ఉన్నోళ్లను కూసోబెట్టి బొమ్మ గీపిస్తున్నరట. కొడుకును చూసి తండ్రిని, చెల్లెను చూసి అక్కను. మిర్యాలగూడల ఒక పెయింటర్ ఉన్నడు, ముసలోణ్ని చూసి పడుచోని బొమ్మ తీస్తడట. అమ్మ అప్పటికే లేచి లోపలికి పోయింది, ఇనలేదు.

వారం తిరగకముందే తమ్ముడు కోదాడకు వచ్చిండు. నేనక్కడ కొడుకు కాడ ఉండేదాన్ని. మా కోడలు ఆంధ్ర దిక్కు పిల్ల. “అత్తయ్యా, మీ తమ్ముడుగారు వచ్చారు, గుమ్మంలోనే నిలబడ్డారు, లోపలికి రమ్మంటే రావట్లేదు” అన్నది.

“ఏందిరా, పరాయోళ్ల ఇంటికి వచ్చినట్టు గడప బయట నిలబడ్డవ్?”

“అక్కా, బొమ్మకు నేను కూసుంట.”

“కూసో. నన్నడిగేదేంది?”

“అమ్మకు చెప్పకు. సంఘపోళ్లకు యాడనో పాత ఫొటో దొరికిందని వాళ్లతోటే చెప్పిస్త.”

“ఎందుకురా గిన్ని యేషాలు?”

వాడు నా కాళ్ల దిక్కు చూసుకుంట చెప్పిండు. “అన్న మొఖమని చూస్తది గద. నా మొఖం ఒక్కసారన్న నిండుగ చూస్తది. చూసినంక, ఇది నేనే అమ్మా అని చెప్త. తిట్టనీ, ఉమ్మనీ. నాతోటి అంటది గదనే అక్కా. గోడతోటి కాదు.”

ముసలోడైండు అప్పటికే. తల నెరిసింది. “నీ ఇష్టం” అన్న. అబద్ధం నేను చెప్పలేదు, చెప్పెటోళ్లను ఆపలేదు.

మిర్యాలగూడకు వానితోటి నేనే పోయిన, అన్న పోలికలు చెప్పెటందుకు. ఇంట్ల నుంచే సద్ది కట్టుకున్న. పెయింటర్ దుకాణం చిన్నది. షాపుల బోర్డులు, సినిమా బొమ్మలు, చచ్చిపోయినోళ్ల బొమ్మలు అన్నీ ఒక్క తీరుగ గోడకు ఆనించి పెట్టిండు. ఒక బొమ్మల ముసలాయన చెవులకు పోగులు, చేతికి గడియారం.

“ఎవలు నాయినా ఈయన?”

“రైస్ మిల్లు సేటు నాయిన పెద్దమ్మా. బతికున్నన్ని రోజులు చెప్పులు లేకుంట తిరిగిండట. ఇప్పుడు కొడుకు గడియారం పెట్టమన్నడు, పెట్టిన. రేపు కారు గూడ పెట్టమంటడు.”

తమ్ముణ్ని స్టూలు మీద కూసోబెట్టిండు. నేను చెప్పుకుంట పోయిన. మీసం లేతగ, జుట్టు ఎనుకకు, గదువ కింద గంటు. పెయింటర్ ముడతలు తీసిండు, జుట్టు నల్లగ చేసిండు. మా అన్న మెల్లగ బట్ట మీదికి వచ్చిండు. చిన్నప్పుడు గమనించలేదు గని, ఇద్దరిదీ ఒక్క ముఖమే.

“బాపూ, జర నా దిక్కు చూడు” అన్నడు పెయింటర్. తమ్ముడు చూసిండు, మళ్ల కండ్లు కిందికి జారినై. “నా దిక్కు బాపూ. కింద ఏమున్నది, పైసలు పడ్డయా?” మళ్ల అంతే. నాలుగు మాట్ల చెప్పి చెప్పి ఆయనకే ఇసుగొచ్చింది.

“సరే, ఉండనీ. ఎటో దూరం ఆలోచిస్తున్నట్టు వచ్చింది. అమరునికి గిదే బాగుంటది.”

“కండ్లు వేరే తీరుగ వెయ్యరాదా?” అన్న నేను.

“అన్నీ మారుస్త పెద్దమ్మా, కండ్లు మారిస్తే బొమ్మ చస్తది.”

నేను మళ్ల అడగలేదు. బొమ్మ ఇయ్యాలనో రేపో కావాలె సంఘపోళ్లకు.

సూర్యాపేటకు పోయిన రోజు అమ్మ కొత్త చీర కట్టుకున్నది. నా కొడుకు పెండ్లికి పెట్టింది, అంత దాక పెట్టెలనే ఉండె. మునగాల కాడ బస్సు ఎక్కినం. అమ్మ కిటికీ పక్కన, నేను నడుమ, తమ్ముడు కొసకు. అమ్మ కొత్త అద్దాలల్ల నుంచి పొలాలు చూసుకుంట, “కాల్వ నీళ్లు వచ్చినంక మస్తు పండుతున్నయి, దొరలు పోయినా భూమి పోలేదు” అన్నది. ఖుషీగ ఉన్నదని నాకు అర్థమైంది. “పెద్దోడు ఫొటో ఎప్పుడు దిగిండో చెప్పనేలేదు నాకు. దొంగ” అన్నది. తమ్ముడు వేరే దిక్కు తిరిగి నవ్విండు. వాడు నవ్వంగ చూసి ఎన్నేండ్లైందో.

మ్యూజియంల సున్నం వాసన. ఖద్దరు లాల్చీ వేసుకున్న పెద్దమనిషి చూపెడుతున్నడు. బడిపిల్లలు గూడ వచ్చినరు వాళ్ల సారుతోటి, రెండు వరుసలల్ల. వడిసెలలు, కారం పొడి కుండలు, గుండ్లు పోయిన తలుపు చెక్క. ఒక మూలకు నులక మంచం పెట్టినరు, చుట్టూ తాడు కట్టి.

“పిల్లలూ, ఈ మంచం కోళ్ల కింద ఆడోళ్ల చేతులు పెట్టి, పైన కూసొని హింసించెటోళ్లు” అని చెప్తున్నడు లాల్చీ ఆయన.

అమ్మ తాడు దాటి పోయింది. కుడి చెయ్యి తీసి మంచం కోడు మీద పెట్టింది. వేళ్లు కోడుకు రెండు దిక్కులా వంకరగ వాలినై.

“మంచం పెట్టినరు గని చేతులేయి?” అన్నది.

పిల్లలల్ల ఒకడు కిసుక్కున నవ్విండు, సారు వాని చెవి మెలేసిండు.

లోపలి గదిల గోడల నిండ ఫొటోలు. అన్నిటికి బంతిపూల దండలు, కింద ఊరు పేరు, మనిషి పేరు. తమ్ముడు అందరికన్న ముందుగాల పోయి ఒక బొమ్మ పక్కకు నిలబడ్డడు. బొట్టు పెట్టుకున్నడు ఆ పొద్దు, ఉతికిన ధోతి. బడిల ప్రైజు ఇస్తరని నిలబడ్డ పిలగాని తీరుగ ఉన్నడు. నేను అమ్మను బొమ్మ ముందల నిలబెట్టిన.

అమ్మ అద్దాలు తీసి, చీర కొంగుతోటి తుడిచి మళ్ల పెట్టుకున్నది. ముఖం బొమ్మకు దగ్గర పెట్టి చూసింది. జుట్టు చూసింది, మీసం చూసింది. గదువ కింద గంటును వేలుతోటి ముట్టింది. “అయ్యో నా కొడుకా” అన్నది. నేను తమ్ముని దిక్కు చూసిన. వాని కండ్లల్ల నీళ్లు. పెదవులు కదులుతున్నయి, చెప్పబోతున్నడు.

అప్పుడు అమ్మ కండ్ల కాడికి వచ్చింది.

జర ఎనుకకు జరిగింది. బొమ్మ కండ్లు ఎటు చూస్తున్నయో అటు తల వంచి, నేల మీద ఆ చూపు పడ్డ కాడ చూసింది, అక్కడేదో ఉన్నట్టు. మళ్ల బొమ్మను చూసింది. ఆమె ముఖం మీద అప్పటిదాక ఉన్నది పోయింది. మళ్ల ఆ మంచం కాడి ముఖమే వచ్చింది.

“ఈడు పెద్దోడు కాదు” అన్నది.

“అవ్వా, మీ కొడుకే, పేరు రాసినం సూడు” అన్నడు లాల్చీ ఆయన.

“కొడుకే. పెద్దోడు కాదు. పెద్దోడు దొర మొఖం గూడ సక్కగ చూసెటోడు. ఈడు పాతర దిక్కు చూస్తున్నడు.”

“అమ్మా, నేనే” అన్నడు తమ్ముడు. “నేనే అమ్మా. అన్న ఫొటో లేకపోతే నేను కూసున్న. నన్ను చూడవానే?”

అమ్మ వాని దిక్కు తిరగలేదు. ఫొటోలు ఏలాడుతున్న గోడకే చెప్పింది.

“గోడా, దండ సరైనోనికే పడ్డది. ఉండనియ్యి.”

లాల్చీ ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ముసలామె దుఃఖంల ఏదో అంటున్నదనుకున్నడు. పరేషాన్ అయ్యి, పిల్లలను లోపలికి పిలిచిండు. “మన ముందలనే ఒక అమరుని తల్లి నిలబడి ఉన్నది. అందరూ పిడికిలెత్తి జోహార్లు చెప్పుండ్రి” అన్నడు. పిల్లలు బొమ్మ దిక్కు చేతులెత్తి గది దద్దరిల్లేటట్టు జోహార్ జోహార్ అని అరిచినరు. బొమ్మ పక్కన బొమ్మ తీరుగనే నిలబడి ఉన్నడు మా తమ్ముడు, కండ్లు నేల మీద. పిల్లలల్ల ఒక పిల్ల వాన్నీ బొమ్మనూ మార్చి మార్చి చూసింది.

బయటికొచ్చినంక తమ్ముడు అమ్మకు గోలీసోడా తెచ్చిండు. అమ్మ ముట్టలేదు. కొట్టిన సోడా ఊకెనే పోతదని నేను తాగిన.

బస్సుల మళ్ల అట్లనే కూసున్నం, నేను నడుమ. సద్ది మూట ఇప్పి ఇద్దరికీ పెట్టిన. ఇద్దరూ తిన్నరు. మునగాల కాడ వాళ్లు దిగినరు, నేను కోదాడకు పోయిన.

సంగతి తెలిసి మరదలు నెత్తి నోరు కొట్టుకున్నదట. బతికున్న మనిషి బొమ్మకు దండ వేస్తే అరిష్టం, పోయి తీపియ్యమని వాని కాళ్ల మీద పడ్డదట. “తీస్తే అన్నకు ఇంకో మొఖం యాడికెళ్లి తేవాలె?” అన్నడట వాడు. అప్పటి నుంచి ఏటా అమరుల దినానికి సంఘపోళ్లు వాన్ని స్టేజీ మీదికి పిలుస్తరు, అమరుని తమ్ముడని. వాడు పోయి వాని బొమ్మకు వాడే దండ వేసి వస్తడు. ఇచ్చిన శాలువ తెచ్చి బర్రె కొట్టంల దూడకు కప్పిండట ఒక ఏడు. ఆ మాటకు మాత్రం నాకు కోపమొచ్చింది, మంచి ఉన్ని శాలువ.

అమ్మ ఇంకా కొన్నేండ్లు బతికింది. పోయేటప్పుడు గూడ మాట్లాడలేదు. ఆఖరికి తులసి నీళ్లు పోసెటందుకు తమ్ముడు ముఖం మీదికి వంగితే, కండ్లు మూసుకున్నది. మూసుకున్నయి తెరవలేదు. నిప్పు వాడే పెట్టిండు. ఉన్న కొడుకు వాడే గద.

దినాలైనంక వాడు మళ్ల కోదాడకు వచ్చిండు. ఈ మాటు గడప దాటి లోపలికి వచ్చి, నా ముందల నేల మీద కూసున్నడు.

“అక్కా, అమ్మ ఫొటో గూడ లేదు. మొత్తం నీ పోలికనే. నువ్వు కూసుంటవా?”

“దండుగ పని. యాది లేదా ఏంది నీకు అమ్మ ముఖం?”

“లేదక్కా” అన్నడు. “నాకెప్పుడు చూపెట్టింది?”

సరే పా అన్న. మిర్యాలగూడల ఆ పెయింటరే. జుట్టు నెరిసింది ఆయనకు గూడ. స్టూలు మీద కూసున్న. కొంగు తల మీదికి తీసుకున్న, అమ్మ తీరుగ. తమ్ముడు పోయి పెయింటర్ భుజం ఎనుక, సరిగ్గ నాకు ఎదురుంగ నిలబడ్డడు.

“అక్కా, నా దిక్కు చూడు. బొమ్మల నన్ను చూస్తున్నట్టు రావాలె.”

“పెద్దమ్మా, ఆయన దిక్కు చూసి జర నవ్వు, మంచిగొస్తది” అన్నడు పెయింటర్.

నేను గోడ దిక్కు చూసిన. సూర్యాపేటల ఒక అబద్ధం బొమ్మ ఉన్నది, చాలదా? అమ్మ బొమ్మ అంటే అమ్మ లెక్కనే ఉండాలె. తమ్ముడు గోడ కాడికి జరిగిండు, నా చూపుకు అడ్డం. నేను ఇటు పక్క గోడను చూసిన. వాడు ఇటు వచ్చిండు. పెయింటర్ కుంచె పట్టుకొని మమ్ములను చూసి, “ఏందిది, అక్కా తమ్ముళ్లు ముసలితనంల దాగుడుమూతలా?” అని నవ్విండు. తమ్ముడు ఆగిండు. పోయి గడప కాడ కూసున్నడు, నేను లేచేదాక.

బొమ్మ మంచిగొచ్చింది. అమ్మనే అది, వంక పెట్టనీకి లేదు. వాని ఇంట్ల నడి అర్రల పెట్టిండు ముందుగాల. తర్వాత పడమటి గోడకు మార్చిండు. నేను పోయినప్పుడల్ల మేకు ఒక్కో కాడ ఉంటది, సున్నం ఊడి గోడంత గుంతలు. ఏ గోడకు పెట్టినా, ఏ మూల నిలబడి చూసినా, ఆమె మనిషిని చూడదు. కిందటేడు పోతే దర్వాజ పక్కన తగిలిచ్చిండు. దాని ముందల చాప వేసుకొని అన్నం తింటున్నడు, ముఖం బొమ్మ దిక్కు పెట్టి. “గోడలు ఖరాబు చేస్తున్నవ్ రా” అన్న. వాడు ముద్ద మింగి, “ఇంకొక్క గోడ ఉన్నదక్కా” అన్నడు.